దూర్‌బీన్ దాస్తాన్: చూపును పరఖ్ చేసిన వెయ్యేళ్ళు

తెలుగులో 'దుర్భిణి' అనే మాట ఉంది. బడి పుస్తకాల్లో చదువుకున్నవాళ్ళు చాలామంది అది సంస్కృతం నుంచి వచ్చిందేమో అనుకుంటారు. అసలు అది ఫార్సీ మాట. దూర్ అంటే దూరం, బీన్ అంటే చూసేది. దూర్‌బీన్. సూక్ష్మంగా ఉన్నవాటిని చూసే పరికరాన్ని అదే వరసలో ఖుర్ద్‌బీన్ అంటాం. వకీలు, దస్తావేజు, జమీను, కచేరీ మన తెలుగులో కలిసిపోయినట్టే దూర్‌బీన్ కూడా వచ్చి దుర్భిణిగా స్థిరపడిపోయింది. మన దాదీమా నోట్లో అది దూర్‌బీన్, పక్కింటి పంతులుగారి నోట్లో దుర్భిణి. మాట ఒకటే.

రమ్‌జాన్ నెల ఆఖర్లోకి వచ్చేసరికి ఈ మాట మన ఇళ్ళల్లో మళ్ళీ వినపడుతుంది. ఛత్ మీద కెక్కి హిలాల్ చూడ్డానికి ఒక మంచి దూర్‌బీన్ ఉంటే బాగుండు అని పిల్లలు అడుగుతారు. అబ్బాజాన్ సరే అని బజారుకి వెళ్తారు, లేదా ఫోన్‌లో వెతుకుతారు. అక్కడ డబ్బా మీద 60×, 100× అని పెద్ద పెద్ద నంబర్లు ఉంటాయి. అద్దాలు నారింజ రంగులో తళతళ మెరుస్తుంటాయి. కొని తెచ్చాక చూస్తే చంద్రుడు రెండుగా కనిపిస్తాడు, కళ్ళు లాగుతాయి, నాలుగు రోజులకి అది బీరువా పైకి చేరుతుంది. పైసా పోయింది, పిల్లల షౌఖ్ కూడా పోయింది.

దూర్‌బీన్ కొనే ముందు దాని తారీఖ్ తెలుసుకోవాలని నేననడం ఇందుకే. ఆ పరికరంలో ఉన్న ప్రతి భాగం వెనుక ఒక మనిషి మెహనత్ ఉంది, ఒక ముష్కిల్‌కి దొరికిన జవాబు ఉంది. ఆ ముష్కిల్ ఏమిటో తెలిస్తే దుకాణంలో ఏం చూడాలో, ఇంట్లో ఎలా కాపాడాలో దానంతటదే తెలుస్తుంది.

బస్రా నుంచి మొదలైన సవాల్

ముందు ఒక హఖీఖత్ చెప్పుకుందాం. దూర్‌బీన్‌ని ఇబ్న్ అల్ హైసమ్ కనిపెట్టారని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు మీకూ వచ్చి ఉంటాయి. అది నిజం కాదు. ఆయన దూర్‌బీన్ తయారు చెయ్యలేదు. చెయ్యనిది చేశారని ఫఖ్ర్‌గా చెప్పుకుంటే ఆయన ఇజ్జత్ పెరగదు. చేసిందే చాలా గొప్పది.

ఆయన సుమారు 965లో బస్రాలో పుట్టారు, సుమారు 1040లో ఖాహిరాలో, అంటే ఈనాటి కైరోలో, ఇంతెఖాల్ అయ్యారు. అప్పటికి యూనాన్ పండితులు యూక్లిడ్, టాలమీ చెప్పిన మాటే చెల్లుతుండేది. మన కంట్లోంచి కిరణాలు బయటికి వెళ్ళి వస్తువును తాకుతాయనీ, అప్పుడే అది మనకి కనిపిస్తుందనీ వాళ్ళ నమ్మకం. ఇబ్న్ అల్ హైసమ్ ఒక సాదా సవాల్ వేశారు. ఎండను చూస్తే కళ్ళు ఎందుకు మండుతాయి? మండుతున్నాయంటే బయటినుంచి ఏదో కంట్లోకి వస్తున్నట్టే కదా! వెలుగు వస్తువు మీద పడి, అక్కడినుంచి మన కంట్లోకి వస్తేనే చూపు అని ఆయన తేల్చారు. చీకటి గదిలో చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగుతో తజ్రుబాలు చేసి చూపించారు.

ఆయన రాసిన 'కితాబుల్ మనాజిర్' ఏడు భాగాల గ్రంథం. ఏడో భాగంలో వెలుగు గాజులోంచి, నీళ్ళలోంచి పోయేటప్పుడు ఎలా వంగుతుందో రాశారు. ఆయనకంటే ముందే, 984 ప్రాంతంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సహల్ ఈ వంపు మీద లెక్కలు కట్టారు. కితాబుల్ మనాజిర్ లాటిన్‌లోకి తర్జుమా అయి యూరప్ చేరింది. 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది. ఆ తర్వాత అక్కడ వెలుగు మీద, అద్దాల మీద పనిచేసిన పెద్దవాళ్ళందరికీ అది చదవాల్సిన కితాబ్ అయింది.

ఇబ్న్ అల్ హైసమ్ రాసిన ఇంకో గ్రంథం పేరు 'అల్ షుకూక్ అలా బత్లమ్యూస్', అంటే టాలమీ మీద షక్‌లు. ఎంత పెద్ద ఆలిమ్ చెప్పినా సరే, పరఖ్ చెయ్యకుండా ఒప్పుకోకూడదన్నది ఆయన తరీఖా. దూర్‌బీన్ కొనబోయేవాళ్ళకి ఆయన ఇచ్చిన మొదటి నసీహత్ కూడా ఇదే అనుకోవచ్చు. డబ్బా మీది నంబరును నమ్మొద్దు, పరఖ్ చెయ్యండి.

రెండు కళ్ళకీ ఒకేసారి

యూరప్‌లో ఐనక్‌లు 13వ శతాబ్దం చివర ఇటలీలో వచ్చాయి. అయినా రెండు అద్దాలను ఒక గొట్టంలో పెట్టి దూరాన్ని దగ్గర చేసే పని బయటపడటానికి మరో మూడొందల ఏళ్ళు పట్టింది. 1608 అక్టోబర్‌లో నెదర్లాండ్స్‌లోని మిడిల్‌బర్గ్ ఊరి ఐనక్‌ల కారీగర్ హాన్స్ లిపర్‌హే, ఇలాంటి పరికరానికి హక్కు ఇమ్మని హుకూమత్‌కి దరఖాస్తు పెట్టుకున్నాడు.

హుకూమత్ పెద్దలకి ఆ పరికరం నచ్చింది. అయితే ఒక కన్ను మూసి చూడ్డం ఇబ్బందిగా ఉంది, రెండు కళ్ళతో చూసేలా చేసి తీసుకురా అన్నారు. లిపర్‌హే కొన్ని వారాల్లోనే చేసిచ్చాడు. డబ్బు ఇచ్చారు గానీ హక్కు ఇవ్వలేదు. అదే పరికరం మేమూ చేశామని ఇంకొందరు ముందుకు రావడమే కారణం. అంటే బైనాక్యులర్ అనేది తర్వాతెప్పుడో వచ్చిన ఖయాల్ కాదు, టెలిస్కోప్ వయసే దాని వయసు.

మరి జంట దూర్‌బీన్ బజార్లోకి రావడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది? రెండు గొట్టాలు ఒకే దిక్కుకి చూడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒక చంద్రుడు ఇద్దరవుతాడు. ఆ కాలపు పనిముట్లతో అంత కచ్చితంగా కట్టడం చాలా కష్టం. ఈ రోజు సస్తా దూర్‌బీన్‌తో చూస్తే తలనొప్పి రావడానికి కారణం కూడా ఇదే, నాలుగొందల ఏళ్ళనాటి ముష్కిల్.

1609లో ఈ ఖబర్ విని గెలీలియో తనే అద్దాలు అరగదీసి దూర్‌బీన్ కట్టుకున్నాడు. 1610 జనవరిలో బృహస్పతి చుట్టూ తిరిగే నాలుగు చందమామలను చూశాడు. ఆయన దూర్‌బీన్‌లో ముందు అద్దం ఉబ్బుగా, కంటి దగ్గరి అద్దం లోపలికి గుంటగా ఉండేది. బొమ్మ నిటారుగానే కనిపిస్తుంది గానీ సూది బెజ్జంలోంచి చూస్తున్నట్టు కాస్త మేరే కనిపిస్తుంది. 1611లో కెప్లర్ రెండూ ఉబ్బు అద్దాలే పెట్టమని రాశాడు. అలా చేస్తే కనిపించే మేర పెరుగుతుంది, కానీ బొమ్మ తలకిందులు అవుతుంది. ఆకాశంలో నక్షత్రం తలకిందులైనా ఫరక్ లేదు. ఊళ్ళో మనిషి తలకిందులైతే ఏం చేస్తాం?

జాతరల్లో, ఉర్సుల్లో పిల్లలకి అమ్మే ప్లాస్టిక్ దూర్‌బీన్‌లు ఇప్పటికీ గెలీలియో తరీఖాలోనే ఉంటాయి. రెండింతలో మూడింతలో పెద్దగా చూపిస్తాయి. ఆడుకోవడానికి పర్వాలేదు, హిలాల్ వెతకడానికి పనికిరావు.

గాజు దిమ్మెలు చేసిన మాయ

తలకిందులైన బొమ్మను నిటారుగా తిప్పే పని ఇగ్నాజియో పోరో అనే ఇటలీవాడు చేశాడు. 1854లో ఆయన గాజు పట్టకాల తరీఖాకి పేటెంట్ తీసుకున్నాడు. వెలుగు ఆ పట్టకాల్లో నాలుగుసార్లు మలుపు తిరిగి, తలకిందులైన బొమ్మను సరిచేసుకుని కంటికి చేరుతుంది. ఇంకో ఫాయిదా ఏమిటంటే పొడుగు గొట్టం అక్కర్లేదు, దారి మడత పడుతుంది కనుక పరికరం పొట్టిదవుతుంది. కానీ ఆనాటి గాజు అంత సాఫ్‌గా ఉండేది కాదు. పోరో ఖయాల్ గొప్పదే అయినా బజార్లో నిలవలేదు.

జర్మనీలోని యేనా నగరంలో జైస్ కార్ఖానాలో పనిచేస్తున్న ఎర్నెస్ట్ అబ్బే, పోరో సంగతి తెలియకుండానే అదే ఖయాల్‌కి వచ్చాడు. గాజు చేసే విద్యలో ఉస్తాద్ అయిన ఓటో షాట్ ఆయనకి తోడయ్యాడు. 1884లో యేనాలో గాజు కార్ఖానా పెట్టారు. సాఫ్ గాజు చేతికొచ్చాక 1894లో జైస్ వాళ్ళ పట్టకాల బైనాక్యులర్ బజార్లోకి వచ్చింది. పేటెంట్‌కి వెళ్ళినప్పుడు పట్టకాల పని పోరోదే అని తేలింది. అబ్బేకి దక్కిన హక్కు వేరే దానికి. ముందు అద్దాలను మన రెండు కళ్ళ మధ్య దూరం కంటే ఎడంగా పెట్టడం ఆయన చేసిన కొత్త పని. అలా పెడితే ఏది ముందుందో, ఏది వెనుకుందో బాగా తెలుస్తుంది.

పాత సినిమాల్లో ఫౌజీ అఫ్సర్ల మెడలో కనిపించే, భుజాలు వెడల్పుగా ఉన్న దూర్‌బీన్ ఇదే. దీన్ని పోరో రకం అంటారు. తర్వాత తిన్నగా, సన్నగా రెండు గొట్టాల్లా ఉండే రూఫ్ ప్రిజమ్ రకం వచ్చింది. అది చేతిలో ఇమిడిపోతుంది, దుమ్ము నీళ్ళు లోపలికి పోకుండా మూయడం తేలిక. కానీ దాన్ని సరిగ్గా చెయ్యడానికి ఖర్చెక్కువ. కనుక చేతిలో డబ్బు తక్కువగా ఉంటే అదే ధరకి పోరో రకమే మంచి చూపునిస్తుంది. ఖర్చు పెట్టగలిగితే, వానలో దుమ్ములో తిరిగే పని ఉంటే రూఫ్ రకం తీసుకోండి.

ఇంకో ముష్కిల్ మిగిలింది. పూత లేని గాజు మీద పడ్డ వెలుగులో దాదాపు 4 శాతం వెనక్కి పోతుంది. దూర్‌బీన్‌లో వెలుగు గాజులోకి వెళ్ళే, బయటికి వచ్చే చోట్లు పది ఉన్నాయనుకోండి, మూడో వంతు వెలుగు దారిలోనే పోతుంది. 1935లో జైస్‌లోనే అలెగ్జాండర్ స్మకూలా గాజు మీద అతి పలచటి పూత వేసి ఈ నష్టాన్ని తగ్గించాడు. ఫౌజీ పనికి వచ్చేది కనుక దాన్ని రాజ్‌గా దాచి ఉంచారు.

ఆ పూత మంచిదో కాదో మీరే పరఖ్ చెయ్యొచ్చు. దుకాణంలో ట్యూబ్‌లైటు కింద ముందు అద్దంలోకి చూడండి. లైటు ప్రతిబింబం మసగ్గా, ఆకుపచ్చగానో ఊదాగానో కనిపిస్తే పూత బాగున్నట్టు. తెల్లగా అద్దంలోలా మెరిస్తే పూత లేనట్టే. ఎర్రగా నారింజగా మెరిసే అద్దాల మోజులో పడొద్దు. వెనక్కి మెరుస్తోందంటే ఆ వెలుగు మీ కంటికి చేరడం లేదని అర్థం.

రెండు నంబర్ల హిసాబ్

దూర్‌బీన్ మీద 8×42 అని ఉందనుకోండి. 8 అంటే ఎనిమిదింతలు, 800 మీటర్ల దూరంలో ఉన్నది 100 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. వెలుగు లోపలికి వచ్చే దర్వాజా అది.

ఇప్పుడు రెండో నంబరును మొదటిదానితో భాగించండి. 42ని 8తో భాగిస్తే 5.25. దూర్‌బీన్‌లోంచి మన కంటికి వచ్చే వెలుగు కట్ట వెడల్పు అన్ని మిల్లీమీటర్లు. చీకట్లో జవాన్ మనిషి కంటిపాప దాదాపు 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ అది తగ్గి, పెద్దవాళ్ళలో 5 దగ్గర ఆగిపోతుంది. 7×50 అంటే 7 మిల్లీమీటర్ల కట్ట, రాత్రి సముద్రం మీద నావికులకి పనికొచ్చేది. దాదాజాన్ కంటికి అందులో సగం వెలుగు వృథా. ఇంటిల్లిపాదీ వాడుకోవడానికి 8×42 గానీ 10×50 గానీ సరిపోతుంది.

మరి 100× సంగతి? 50 మిల్లీమీటర్ల అద్దానికి 100 ఇంతలంటే కంటికి చేరే కట్ట అర మిల్లీమీటరు. చూపు చీకటైపోతుంది. పైగా దూర్‌బీన్ బొమ్మనెంత పెంచితే చేతి వణుకుని కూడా అంతే పెంచుతుంది. 10 ఇంతలు దాటితే స్టాండ్ లేకుండా నిలకడగా చూడ్డం కష్టం. కనుక చేత్తో పట్టుకునే దూర్‌బీన్ మీద 60×, 100× అని ఉంటే అది ధోఖా అనుకుని పక్కన పెట్టెయ్యండి.

కొనేముందు ఇంకా కొన్ని పరఖ్‌లు ఉన్నాయి. దూర్‌బీన్‌ని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, వెలుగు వైపు తిప్పి, కంటి అద్దాల్లో కనిపించే తెల్లటి చుక్కలను చూడండి. గుండ్రంగా, అంచుదాకా ఒకే తెలుపుతో ఉంటే పట్టకాలు మంచివి. చుక్క అంచులు కోసేసినట్టు నాలుగు పలకలుగా మసకబారి ఉంటే గాజు తక్కువ రకం. తర్వాత దుకాణం బయటికి వచ్చి దూరంగా ఒక మీనార్ అంచునో, కరెంటు స్తంభాన్నో ఒక నిమిషం చూడండి. స్తంభం రెండుగా విడిపోయినా, కళ్ళు లాగినా అది వద్దు. ఐనక్ పెట్టుకునేవాళ్ళు ఐనక్‌తోనే చూడాలి. కంటి దగ్గరి రబ్బరు కప్పు మడిచి చూసినప్పుడు కూడా గుండ్రటి దృశ్యం మొత్తం కనిపించాలి. దాని కోసం ఐ రిలీఫ్ అనే కొలత 15 మిల్లీమీటర్లకి తగ్గకుండా ఉండాలి.

రెండు కళ్ళ చూపు ఒకేలా ఉండదు కనుక కుడి కంటి దగ్గర ఒక చిన్న చక్రం ఉంటుంది. ముందు కుడి అద్దం మూసి, ఎడమ కంటితో మధ్య చక్రం తిప్పి సాఫ్ చేసుకోండి. తర్వాత ఎడమది మూసి, అదే వస్తువును కుడి కంటితో చూస్తూ ఆ చిన్న చక్రం తిప్పండి. అంతే, ఆ తర్వాత మధ్య చక్రం ఒక్కటి తిప్పితే చాలు. దూర్‌బీన్ బాగాలేదని తిరిగి ఇచ్చేసేవాళ్ళలో చాలామంది ఈ చిన్న పని చెయ్యనివాళ్ళే.

అమానత్‌గా తిరిగిన దూర్‌బీన్‌లు

1914లో మొదటి ప్రపంచ జంగ్ మొదలైనప్పుడు బర్తానియాకి ఒక విషయం ఉలిక్కిపడేలా చేసింది. మంచి గాజు దుష్మన్ జర్మనీ దగ్గర ఉంది! ఫౌజ్‌కి సరిపడా దూర్‌బీన్‌లు లేవు. లార్డ్ రాబర్ట్స్ అనే ముసలి సేనాని, మీ ఇళ్ళల్లో ఉన్న దూర్‌బీన్‌లు ఫౌజీలకి ఇవ్వండని అవామ్‌ని అడిగాడు. 1917లో అమెరికా జంగ్‌లోకి దిగాక అక్కడా ఇదే పరిస్థితి. నౌకాదళం తరఫున ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, తర్వాత అమెరికా సదర్ అయిన ఆయనే, ప్రజలను దూర్‌బీన్‌లు అడిగాడు. ప్రభుత్వం ఉచితంగా తీసుకోకూడదు కనుక ఒక్కోదానికి 1 డాలర్ కిరాయి కట్టారు. యజమాని పేరు రాసుకుని, జంగ్ అయ్యాక వీలైనన్ని తిరిగి పంపించారు.

ఎవరి ఇంటి ఫంక్షన్‌లకో, షికార్‌కో కొన్న వస్తువు సముద్రం మీద వందల ప్రాణాల హిఫాజత్‌కి పనికొచ్చింది. సంభాళించుకున్నవాళ్ళు ఇవ్వగలిగారు, పాడుచేసుకున్నవాళ్ళు ఇవ్వలేకపోయారు.

దక్కన్ ఆకాశం, దక్కన్ పిట్టలు

మన దక్కన్‌కి ఈ దాస్తాన్‌లో సొంత చోటుంది. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ ఆకాశం మీద షౌఖ్‌తో 15 అంగుళాల పెద్ద దూర్‌బీన్ తెప్పించి, ఫిసల్‌బండాలోని తన జాగాలో 1901లో రసద్‌గాహ్ మొదలుపెట్టారు. ఆయన ఇంతెఖాల్ తర్వాత 1908లో నిజాం హుకూమత్ దాన్ని చేతిలోకి తీసుకుంది. అది బేగంపేటకి మారింది. 1919లో ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. ప్రపంచ దేశాలు కలిసి ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని నక్షత్రాల పటం గీసినప్పుడు, నిజామియా రసద్‌గాహ్ కూడా తన వంతు ముక్కను ఫోటోలు తీసి లెక్కగట్టింది. ఒక నవాబు షౌఖ్ మొత్తం దునియా పనికొచ్చిన సందర్భం అది.

రెండోది సలీం అలీ కథ. 1896లో బొంబాయిలో పుట్టారు. చిన్నప్పుడే అమ్మీ అబ్బా పోతే మామూజాన్ ఇంట్లో పెరిగారు. ఆ కాలంలో పిట్టల ఇల్మ్ అంటే బందూఖ్‌తో కొట్టి, చర్మం ఒలిచి, మ్యూజియంలో పెట్టడమే. సలీం అలీ కూడా ఆ తరీఖాలోనే నేర్చుకున్నారు. కానీ ఆయనకి పేరు తెచ్చిన మొదటి పెద్ద పని పిట్టను చంపకుండా చూసిన పని. 1930లో బొంబాయి దగ్గర కిహీం ఊళ్ళో గిజిగాడి గూళ్ళ ముందు రోజుల తరబడి సబర్‌తో కూర్చుని, మగ పిట్ట ఎలా గూడు అల్లుతుందో, ఆడ పిట్ట ఎలా పరఖ్ చేసి ఒప్పుకుంటుందో రాశారు. 1931–32లో నిజాం రియాసత్ అంతా తిరిగి పిట్టల సర్వే చేశారు. 1941లో వచ్చిన ఆయన భారతీయ పక్షుల కితాబ్, దూర్‌బీన్ మెడలో వేసుకున్న ప్రతి పిట్టల ప్రేమికుడి చేతిలో తోడైంది. చంపి తెలుసుకోవడం పోయి చూసి తెలుసుకోవడం వచ్చిందంటే, అందులో దూర్‌బీన్‌కి పెద్ద హిస్సా ఉంది.

ఇక అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మన కడప జిల్లా పొదల్లో మళ్ళీ దొరికింది. దాన్ని రాత్రిపూట టార్చిలైటుతో పట్టింది చదువుకున్న సైన్స్‌దాన్ కాదు, ఆ అడవిని ఎరిగిన ఊరి మనిషి. దూర్‌బీన్ ఎంత మంచిదైనా దాని వెనుక చూడ్డం తెలిసిన కన్ను ఉండాలి.

మన ఇంట్లో హిఫాజత్

దూర్‌బీన్‌కి మన దగ్గర దుష్మన్‌లు రెండు. తెలంగాణ, రాయలసీమల్లో దుమ్ము, కోస్తాలో తేమ. వానాకాలంలో అద్దాల లోపల బూజు పడుతుంది. టార్చి వేసి చూస్తే సాలెగూడు పోగుల్లా కనిపిస్తుంది. ఒకసారి పడితే పూతను తినేస్తుంది. జుమేరాత్ బజార్ లాంటి చోట పాత దూర్‌బీన్ కొనేవాళ్ళు డబ్బులిచ్చే ముందు టార్చి వేసి ఈ పరఖ్ తప్పకుండా చెయ్యాలి.

తోలు సంచి చూడ్డానికి షాన్‌గా ఉంటుంది గానీ తేమను పట్టి ఉంచుతుంది. దాంట్లో పెట్టి బీరువాలో బట్టల కింద దాచొద్దు. గట్టిగా మూసుకునే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి. పొట్లాలు తేమ పీల్చుకున్నాక మార్చండి. నెలకోసారైనా బయటికి తీసి గాలి వెలుతురులో వాడండి. వాడే దూర్‌బీన్ కంటే మూలనపడ్డదే ముందు పాడవుతుంది. వానలో తడిస్తే ఆరాకే డబ్బాలో పెట్టాలి. కారులో ఎండకి వదిలెయ్యకండి.

అద్దం తుడవాలంటే ముందు రబ్బరు బల్బుతో గాలి ఊది దుమ్ము పోగొట్టాలి, తర్వాత మెత్తటి బ్రష్. ఇంకా మరక ఉంటేనే లెన్స్ కాగితం మీద ఒక చుక్క లెన్స్ ద్రవం వేసి మధ్యనుంచి అంచుకి నెమ్మదిగా తుడవాలి. కుర్తా అంచుతో, దుపట్టాతో పొడిగా రుద్దితే దుమ్ము కణాలు ఇసుక కాగితంలా పూతను గీకేస్తాయి. ఇత్తర్ అంటిన వేళ్ళు అద్దానికి తగలనివ్వకండి. సుర్మా పెట్టుకున్న కళ్ళతో చూశాక కంటి కప్పులు తుడిచి పెట్టండి. ఒకరి కంటికి జబ్బు ఉంటే ఇంకొకరికి అంటకుండా కూడా అది అవసరం. కిందపడి బొమ్మ రెండుగా కనిపిస్తే ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో విప్పొద్దు. రెండు గొట్టాలను ఒకే దిక్కుకి తేవడం లిపర్‌హే కాలం నుంచీ కారీగర్ల పని.

చాంద్‌రాత్ ఎహ్తియాత్

ఇక అన్నిటికంటే జరూరీ మాట. హిలాల్ సూరజ్‌కి దగ్గర్లోనే, పడమర దిక్కునే ఉంటుంది. తొందరపడి సూరజ్ పూర్తిగా మునగకముందే అటు దూర్‌బీన్ తిప్పితే, ఒక్క క్షణంలో ఎండ కంటి లోపలి పొరను కాల్చేస్తుంది. నొప్పి కూడా తెలియదు, పోయిన చూపు తిరిగి రాదు. గ్రహణం కళ్ళజోడు పెట్టుకుని దూర్‌బీన్‌లోంచి ఎండను చూడ్డం కూడా అంతే ఖతర్నాక్. దూర్‌బీన్ పోగుచేసిన వేడికి ఆ జోడు ఆగదు.

కనుక ఇంట్లో ఒక ఖాయిదా పెట్టుకోండి. మగ్రిబ్ అజాన్ వినపడి, సూరజ్ పూర్తిగా మునిగాడని పెద్దవాళ్ళు చూసి చెప్పాకే దూర్‌బీన్ డబ్బాలోంచి బయటికి రావాలి. ఖాళీ ఆకాశం మీద ఫోకస్ కుదరదు, కనుక ముందు చాలా దూరంలోని దీపం మీదో, చుక్క కనిపిస్తే దాని మీదో సాఫ్ చేసుకోండి. తర్వాత సూరజ్ మునిగిన చోటికి పైన, అటూ ఇటూ నెమ్మదిగా వెతకండి. హిలాల్ దొరికాక దూర్‌బీన్ దించి, అదే చోట ఖాళీ కళ్ళతో కూడా చూడండి. ఎక్కడుందో తెలిశాక తరచుగా కళ్ళకీ అందుతుంది. షహాదత్ ఎలా ఇవ్వాలి, దూర్‌బీన్ చూపు చెల్లుతుందా అన్న మస్‌అలాలు ఉలమాకి, రూయతే హిలాల్ కమిటీకి వదిలేద్దాం.

వెలుగు బయటినుంచి కంట్లోకి వస్తుందని ఇబ్న్ అల్ హైసమ్ తేల్చింది, ఎండ కంటిని మండిస్తుందన్న సాదా సంగతితోనే. వెయ్యేళ్ళ తర్వాత ఛత్ మీద మన పిల్లల కళ్ళను కాపాడేది కూడా ఆ సంగతే. దూర్‌బీన్ కొనిచ్చేటప్పుడు దాంతోపాటు ఈ దాస్తాన్ కూడా వాళ్ళకి చెప్పండి.

ఖుదా హాఫిజ్.